గరుడుని ముక్కున కొమ్మ

గడచిన కార్తికములో ఒకనాటి ఉదయము మా తరగతిలో గరుడోపాఖ్యానము చెప్పుచుంటిని. యానాములో కార్తికమనగా గౌతమి మీదుగా చలిగాలియు, వార్తలలో వాయుగుండమును ఒక్కసారిగా వచ్చు మాసము. నాటి పాఠము గరుత్మంతుడు అమృతమునకై స్వర్గముపై దండెత్తు ఘట్టము. ఆతని రెక్కల గాలికి దుమ్ము లేచి దిక్కులను కప్పుటయు, దేవతలకు కన్నుగానరాక ఒకరినొకరు గుర్తింపలేకపోవుటయు, చివరకు ఇంద్రుడు వాయువును పిలిచి ఆ ధూళిని చెదరగొట్టింపుమని వేడుటయు నేను కొంత ఉత్సాహముతోనే వర్ణించుచుంటిని.

అంతలో వెనుక బల్లనుండి ఒక బాలిక లేచినది. ఆమెది గౌతమి సముద్రమున కలియు దిక్కుననున్న ఒక పల్లె. "మాస్టారండీ, ఇది తుఫానే గదండీ?" అని అడిగెను.

"అవునమ్మా, తుఫాను వంటిదే" అంటిని.

"అయితే ఆయనకు దండం ఎందుకండీ పెట్టడం? మా తాతయ్య తొంభై ఆరులో వేటకెళ్ళి మళ్ళీ రాలేదండి."

తరగతి నిశ్శబ్దమయ్యెను. దేవతావాహనమనియు, పురాణమును అక్షరార్థమున గ్రహింపరాదనియు ఏదో చెప్పి పాఠము ముగించితిని. చెప్పినది నాకే రుచింపలేదు. ముప్పది సంవత్సరములుగా ఈ కథను చెప్పుచున్నవాడను. కాని ఈ ప్రశ్నను నేనెన్నడును వేసికొనలేదు. ఆ బాలికకు నేను బాకీపడిన సమాధానమే ఈ వ్యాసము. నావలె ఈ పాఠము చెప్పువారికిని, వినువారికిని ఇది కొంత ఉపకరింపవచ్చును.

ప్రశ్న వచ్చిన చోటు ఎట్టిదో ముందు చెప్పవలెను. గౌతమినుండి కోరంగి పాయ విడివడు తావున యానామున్నది. ఒకవైపు నది, మఱియొకవైపు మడ అడవులు, ఆవల సముద్రము. ఒకప్పుడు ఇచ్చటికి చేరువనున్న కోరంగి రేవునుండి ఓడలు తూర్పుదేశములకు సాగెడివి. రంగూనులో తెలుగువానికి 'కోరంగీ' యను పేరు వచ్చుట ఆ రేవు పుణ్యమే. ఆ రేవును గాలియు నీరును కలిసి రెండుమార్లు మ్రింగినవి. 1789 డిసెంబరులో మూడు పెనుకెరటములు ఒకదాని వెనుక నొకటిగా వచ్చి ఊరిని ముంచినవి. 1839 నవంబరు 25వ తేదీన వచ్చిన ఉప్పెనలో నలువది అడుగుల ఎత్తున నీరు లేచినదని ఆనాటి వ్రాతలు చెప్పుచున్నవి. ఆ తరువాత కోరంగి మరల మునుపటి కోరంగి కాలేదు.

మా తరము కన్నులార చూచినది 1996 నవంబరు 6వ తేదీ రాత్రి. కాకినాడకు దక్షిణముగా ఆ తుఫాను తీరము దాటినది. వేయిమందికి పైగా మరణించిరి. కడలిమీదికి పోయి జాడ తెలియనివారు మఱెందరో. కోనసీమలో లక్షలాది కొబ్బరిచెట్లు నేలకొరిగినవి. కొబ్బరిచెట్టును కొడుకుతో సమానముగా ఎంచు సీమ ఇది. మరునాటి ఉదయము తోటలోనికి పోయినవాడు చెట్లను లెక్కింపలేదు. ఊరక నిలుచుండి తిరిగివచ్చినాడు. తీరపు పల్లెలలో ఆడువారు ఒడ్డున కూర్చుండి దినములకొలది సముద్రమువంక చూచిరి. ఆ బాలిక అపుడు పుట్టలేదు. ఐనను తాతయ్య తిరిగి రాకపోవుట ఆమె యింటిలో ప్రతిదినమును జరుగుచున్న సంగతియే.

ఇక తుఫానను వస్తువునకు పేరు పెట్టినవారి సంగతి చూతము. ఇంగ్లీషువారి 'సైక్లోన్' అను మాటకు బంగాళాఖాతమే పుట్టినిల్లు. ఒకప్పుడు ఓడ నాయకుడై యుండి పిమ్మట కలకత్తాలో స్థిరపడిన హెన్రీ పిడింగ్టన్ అను పండితుడు, నావికులకై 1848లో ప్రకటించిన తన గ్రంథములో ఈ మాటను వాడుకకు తెచ్చెను. గ్రీకుభాషలో పాము చుట్టను తెలుపు పదమునుండి ఆయన దానిని కల్పించెను. గాలి తన చుట్టు తాను చుట్టుకొని తిరుగుటను చూచి ఆయనకు సర్పము తోచినది. మన పూర్వులు అట్టి గాలినే చూచిరి. వారికి పక్షి రెక్క తోచినది. ఒకే గాలికి రెండు ఉపమానములు: పాము చుట్ట, పక్షి రెక్క. మన కథలో ఈ రెండును ఒకే తండ్రికి, అక్కచెల్లెండ్రైన ఇరువురు తల్లులయందు పుట్టిన బిడ్డలగుట గమనింపదగిన విశేషము.

ఆ కథను తెలుగున చెప్పినవాడు ఈ గోదావరి నీరు త్రాగినవాడే. రాజమహేంద్రవరమున 1022 మొదలు 1061 వరకు ఏలిన రాజరాజ నరేంద్రుని కొలువులో నన్నయభట్టు భారతమును తెనిగింప మొదలిడెను. ఆదిపర్వము ద్వితీయాశ్వాసములో ఈ ఉపాఖ్యానమున్నది. కశ్యపునికి కద్రువ, వినత అని ఇరువురు భార్యలు. కద్రువకు వేయి సర్పములు పుట్టినవి. వినతకు రెండు గ్రుడ్లు. సవతికి బిడ్డలు కలుగుట చూచి ఓర్వలేక వినత ఒక గ్రుడ్డును ముందుగానే చిదిపినది. నడుము క్రింది భాగము ఏర్పడని అనూరుడు పుట్టి, తల్లిని దాసివి కమ్మని శపించి, సూర్యుని రథమునకు సారథియై ఆకాశమునకు పోయెను. రెండవ గ్రుడ్డును ఓర్పుతో కాపాడుకొనుమనియు, అందు పుట్టువాడే నీ దాస్యమును బాపుననియు చెప్పి పోయెను. ఉచ్చైశ్శ్రవమను గుఱ్ఱపు తోక వన్నెపై పందెమున కద్రువ మోసము చేసినది, వినత దాసియైనది. కాలము నిండినంతనే గరుడుడు పుట్టెను. పుట్టిన క్షణముననే ఆతని తేజమును చూచి దేవతలు అగ్నియనుకొని భయపడిరి. అమృతము తెచ్చి యిచ్చిన నీ తల్లిని విడిచెదమని పాములు చెప్పినవి. ఆతడు బయలుదేరెను.

ఇంతవరకు కథ పిల్లలందఱకు తెలిసినదే. మనము సాధారణముగా ఇచ్చటినుండి ఒక్క గెంతున స్వర్గమునకు పోయి యుద్ధము వర్ణింతుము. నేనును అట్లే చేయుచుంటిని. కాని నడుమ ఒక చిన్న ఘట్టమున్నది. బాలిక ప్రశ్నకు సమాధానము అచ్చట దాగియున్నది.

దారిలో ఆకలిగొన్న గరుడునికి తండ్రి కశ్యపుడు ఒక ఏనుగును, ఒక తాబేటిని చూపెను. అవి పూర్వజన్మమున విభావసుడు, సుప్రతీకుడు అను అన్నదమ్ములు. ఆస్తి పంపకము కొఱకు తగవులాడి, ఒకరినొకరు శపించుకొని, ఒకడు తాబేలు, ఒకడు ఏనుగు ఐరి. అట్లయ్యును ఒకే చెఱువులో పోట్లాట మానలేదు. ఈ భాగము చెప్పునపుడు మా పిల్లలు నవ్వుదురు; తోటల పంపకముల తగవులు మాకు క్రొత్త గావు. గరుడుడు ఆ రెండింటిని రెండు కాళ్ళ గోళ్ళతో ఎత్తికొని, కూర్చుండి తినుటకు తావు వెదకుచు ఎగిరెను. ఒక మహావృక్షము తన కొమ్మపై వాలుమని ఆతని నాహ్వానించెను. ఆతడు కాలు మోపినంతనే నూరు యోజనముల ఆ కొమ్మ విఱిగెను.

విఱిగిన కొమ్మవంక గరుడుడు చూచెను. ఆ కొమ్మను పట్టుకొని, తలక్రిందులుగా వ్రేలాడుచు, తపస్సు చేయుచున్న బొటనవ్రేలంత మనుష్యులు కనబడిరి. వారు వాలఖిల్యులు. కొమ్మ నేలపై పడినచో వారు నలిగిపోవుదురు. కాళ్ళలో ఏనుగు, తాబేలు ఉన్నవి, చేతులు లేవు. ఆతడు వంగి ఆ కొమ్మను ముక్కున కఱచుకొనెను. అప్పటినుండి వాలుటకు వీలు లేదు. ఆకలి తీర్చుకొనుటకు వీలు లేదు. నోరు తెఱచి ఎవరినైన సాయమడుగుటకును వీలు లేదు. కొమ్మను జాఱనీయక కొండలమీదుగా తిరిగి తిరిగి, గంధమాదనముపై తపస్సులోనున్న తండ్రిని చేరెను. కశ్యపుడు సంగతి గ్రహించి వాలఖిల్యులను ప్రార్థించెను. వారు దయతో కొమ్మను వదలి హిమవంతమునకు పోయిరి. ఆ పిమ్మటనే గరుడుడు ప్రాణిసంచారము లేని ఒక మంచుకొండపై ఆ కొమ్మను విడిచెను. ఖాళీ కొమ్మనైనను జనులున్నచోట పడవేయలేదు సుమా! తండ్రిని అడిగి, మనుష్యులు లేని తావును తెలిసికొని, అచ్చట విడిచెను.

ఈ వాలఖిల్యులెవరు? మన పురాణములలో ఆకాశమున నివసించు జనులు పెక్కురు కలరు: గంధర్వులు, సిద్ధులు, చారణులు, విద్యాధరులు. వారందఱిలో మిక్కిలి చిన్నవారు వీరు. అఱువదివేలమంది, అంగుష్ఠమాత్రులు. సూర్యుని రథమునకు ముందు, ఆయనకు అభిముఖులై స్తోత్రము చేయుచు సాగుదురని భాగవతము చెప్పుచున్నది. సూర్యకిరణములే వారికి ఆహారమందురు. ఆ రథసారథి గరుడుని అన్న అనూరుడే. ఇట్లు ఆ తుఫాను పక్షికిని ఈ ఆకాశవాసులకును పొరుగు సంబంధమున్నది.

అంతకంటె లోతైన సంబంధము మఱియొకటి కలదు. భారతకథకుని నేర్పు ఇచ్చట గమనింపుడు. కొమ్మ కథను ముందు చెప్పి, దాని వెనుకటి కథను తరువాత చెప్పినాడు. పూర్వము కశ్యపుడు పుత్రార్థియై యాగము చేయుచు సమిధలు తెచ్చుటకు దేవతలను మునులను నియమించెను. ఇంద్రుడు కొండంత కట్టెలమోపును అవలీలగా మోసికొని వచ్చుచుండెను. దారిలో వాలఖిల్యులందఱు కలిసి ఒక్క మోదుగ పుడకను మోయలేక మోయుచు, ఆవు గిట్ట గుంటలో నిలిచిన నీటిని దాటలేక తడబడుచుండిరి. ఇంద్రుడు నవ్వెను. నవ్వి, వారిని దాటికొని పోయెను.

ఆ నవ్వు వారిని కాల్చినది. మఱియొక ఇంద్రుడు పుట్టవలెనని వారు హోమము చేయ మొదలిడిరి. ఇంద్రుడు భయపడి కశ్యపుని కాళ్ళపై బడెను. కశ్యపుడు ఇరువురికిని సంధి చేసెను. బ్రహ్మ నియమించిన ఇంద్రుడు ఇతడే యుండనిండు. మీ తపస్సు వ్యర్థము కారాదు గనుక, మీరు కోరిన ఇంద్రుడు పక్షులకు ఇంద్రుడగు గాక యని ఒప్పించెను. ఇకమీదట ఎట్టి అల్పులను ఎన్నడును అవమానింపవలదని ఇంద్రుని హెచ్చరించెను. ఆ తపఃఫలమే వినతయందు గరుడుడై పుట్టెను.

అనగా బ్రహ్మాండమును వణకించు ఈ రెక్కలు, బొటనవ్రేలంత మనుష్యుల కన్నీటినుండి పుట్టినవి. బలవంతుడు చిన్నవానిని చూచి నవ్విన నవ్వునుండి తుఫాను పుట్టినది. ఆ తుఫానే మరల చిన్నవారిని చూచినపుడు నవ్వలేదు, దాటిపోలేదు. వంగి కొమ్మను పట్టుకొన్నది. ఇంద్రునకు గరుడునకు భేదమదియే. ఇచ్చట ఇంకొక సూక్ష్మము గలదు. కొమ్మను పట్టు ఘట్టమున, వీరే నీ పుట్టుకకు కారణమని గరుడునితో ఎవ్వరును చెప్పలేదు. ఋణము తీర్చుకొనుచున్నానని ఆతడెఱుగడు. ఎవరో వ్రేలాడుచున్నారు, పడిన చత్తురు. ఆ యెఱుక ఒక్కటే ఆతనికి చాలినది.

సంస్కృత భారతమున ఆతని పేరునకు చెప్పిన వ్యుత్పత్తి ఈ ఘట్టముననే యుండుట అర్థవంతము. గురువైన భారమును వహించి ఎగిరినవాడు గనుక గరుడుడని మహర్షులు పేరిడిరట. వైయాకరణులు వేఱు విధముగా చెప్పవచ్చును. అది వారి శాస్త్రము. కథ మాత్రము ఆతనికి పేరు గెలుపువలన రాలేదనియు, మోయుటవలన వచ్చినదనియు చెప్పుచున్నది. దేవతలను గెలిచినది ఆ తరువాత. అమృతకలశమును చేత బట్టియు ఒక చుక్కయైన తాను త్రాగకుండుటయు, దధీచి యెముకపై గౌరవముచే వజ్రాయుధమునకు ఒక ఈకను విడుచుటయు, తల్లి దాస్యమును తీర్చుటయు అన్నియు ఆ తరువాతనే. పేరు మాత్రము కొమ్మ దగ్గఱనే స్థిరపడినది.

గాలివానకు రెక్కలు తొడిగిన జాతి మనదొక్కటే కాదు. నేటి ఇరాకు భూమిలో వెలసిన ప్రాచీన సుమేరులకు అంజూ అను పక్షి యుండెను. దానిది సింహపు తల, గ్రద్ద శరీరము. రెక్క విప్పిన పెనుగాలి వీచెడిది. దేవతల విధిఫలకమును అది అపహరించిన కథ మన అమృతహరణమును తలపింపజేయును. కొండలలో ఒంటరిగా విడువబడిన లుగల్బంద అను వీరుడు ఆ పక్షి పిల్లకు తిండిపెట్టి, గూటిని అలంకరించి, దానివలన అలసట లేని వేగమును వరముగా పొందిన కథయు వారికి గలదు. ఉత్తర అమెరికా పశ్చిమతీరపు ఆదివాసులు ఉఱుమును ఒక మహాపక్షి రెక్కల చప్పుడనియు, మెఱుపు దాని కనుచూపనియు, అది కడలిలోని తిమింగలములను గోళ్ళతో ఎత్తికొని పోవుననియు చెప్పుకొనిరి. సముద్రపు గాలికి వెఱచి బ్రదికిన ప్రతిచోటను మనుష్యుడు ఆకాశమున ఒక పక్షిని చూచినాడు.

మన గరుడుడు ఓడలెక్కి తూర్పునకును పోయెను. సయాముదేశపు రాజచిహ్నము ఆతడే. 1945 ఆగస్టు 17న స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న ఇండోనీషియా 1950లో ఆతనినే జాతీయచిహ్నముగా గ్రహించెను. ఆ చిహ్నమున ఒక్కొక్క రెక్కకు 17 ఈకలు, తోకకు 8, మెడకు 45. స్వాతంత్ర్యదినమును ఈకలలో లెక్కగట్టి దాచుకొన్నారు. దాస్యవిముక్తికై పుట్టిన పక్షిని దాస్యవిముక్తమైన దేశము తన గుర్తుగా పెట్టుకొనుట ఎంతయు తగియున్నది.

కాని కథను ఇంతటితో ఆపిన న్యాయము కాదు. గరుడుడు ఎల్లప్పుడును దయామయుడని చెప్పినచో ఆ బాలిక నమ్మదు. నమ్మవలసిన పనియు లేదు. ఆతడు సర్పములకు మృత్యువు. ఆతడు వచ్చినపుడు చచ్చువారి తల్లులకు ఆతడు తుఫానే. ఈ సంగతిని దాచక చెప్పినవాడు కనోజును 606 నుండి 647 వరకు ఏలిన హర్షుడు. ఆయన వ్రాసిన సంస్కృత నాటకము నాగానందము.

పాములన్నియు ఒక్కసారి నాశము కాకుండుటకు వాసుకి గరుడునితో ఒడంబడిక చేసికొనెను; దినమునకొక పామును పంపెదనని. ఎఱ్ఱని వస్త్రము కప్పుకొని ఆనాటి పాము సముద్రతీరమున బండపై కూర్చుండవలెను. తిన్న యెముకలు కొండవలె పెరిగినవి. ఆ తీరమునకు జీమూతవాహనుడను విద్యాధర రాజకుమారుడు వచ్చెను. విద్యాధరులు ఆకాశమున సంచరించు జాతి. జీమూతవాహనుడనగా మేఘమే వాహనముగా గలవాడు. శంఖచూడుడను నాగకుమారుని వంతు వచ్చిన దినమున, వాని తల్లి యేడ్చుచుండుట ఆతడు వినెను. తానే ఎఱ్ఱవస్త్రము కప్పుకొని బండపై కూర్చుండెను. రెక్కల గాలి వచ్చెను. గరుడుడు ఆతని నెత్తికొనిపోయి మలయశిఖరమున చీల్చి తినుచుండెను. కాని ఆ ఆహారము వణకుటలేదు, ఏడ్చుటలేదు, ముఖమున సంతోషము కనబడుచున్నది. గరుడుడు తినుట మానెను. ఇంతలో శంఖచూడుడు పరుగున వచ్చి, పామును నేను, నన్ను తినుమని మొఱవెట్టెను.

గరుడుడు తాను చేసిన దానిని అపుడు చూచెను. ప్రాయశ్చిత్తమేమని అడిగెను. ఇకమీదట ప్రాణిహింస మానుమనియు, ప్రాణులకు అభయమిమ్మనియు ఆ విద్యాధరుడు కొనయూపిరితో చెప్పెను. గౌరీదేవి ఆతనిని బ్రదికించెను. గరుడుడు స్వర్గమునకు పోయి, ఈసారి దాస్యము తీర్చుటకు గాక తాను చంపినవారిని బ్రదికించుటకు అమృతమును తెచ్చి, ఆ యెముకల గుట్టపై వర్షింపజేసెను.

భారతమును, నాగానందమును ప్రక్కప్రక్కన పెట్టి చూచిన, ఈ మహాపక్షికి ఆకాశవాసులతో గల సంబంధము పూర్తిగా తెలియును. చిన్నవారైన వాలఖిల్యులు ఆతనికి జన్మమిచ్చిరి. విద్యాధరుడు ఆతనికి బుద్ధియిచ్చెను. బలము ఆతనిది, ఆ బలము దేనికో చెప్పినవారు వారు. మన పూర్వులు మ్రొక్కినది రెక్కల గాలికి గాదు. వంగిన మెడకు మ్రొక్కిరి. గుడిలో గరుడుని విగ్రహమును చూడుడు: చేతులు జోడించి యుండును. యానాములో మీసాల వేంకన్న యెదుటనైనను, మఱి యే వైష్ణవాలయమునందైనను సాధారణముగా ఆతని రూపమిదియే.

గోదావరికిని ఈ సంగతి తెలియును. నది పాయలకు మనము గౌతమి, వసిష్ఠ, ఆత్రేయ, భరద్వాజ, కౌశిక అని ఋషుల పేర్లు పెట్టుకొంటిమి. వారి నడుమ ఒక్క పాయకు మాత్రము పక్షి పేరున్నది. అది వైనతేయ, వినత కొడుకు. గన్నవరము దగ్గఱ వసిష్ఠనుండి విడివడి, అప్పనపల్లి బాలాజీ పాదముల చెంతగా సాగి, ఓడలరేవు కడ సముద్రమున కలియును. ఆ పాయ ఒడ్డుననే ఆదుర్రులో పురాతన బౌద్ధస్తూపము కలదు. బుద్ధస్తుతితో ఆరంభమగు నాగానందమును చదివినవారికి, గరుడుని పేరిటి నది అహింసను బోధించినవాని స్తూపము ప్రక్కగా పాఱుట యాదృచ్ఛికమైనను మనోహరముగా తోచును.

ఇక మా ఆకాశమున ప్రత్యక్షముగా తిరుగు గరుడపక్షి యొకటి కలదు. తెల్లని తల, తెల్లని రొమ్ము, ఇటుకవన్నె రెక్కలు. పడవలు ఒడ్డుచేరు వేళకు గౌతమిపై చుట్లు తిరుగుచు, వలలనుండి విదిల్చిన చేపలకొఱకు వంగి వచ్చును. దానిని చూచి పెద్దలు చెంపలు వేసికొందురు. వేటకు పోవు పడవమీదనుండి దానిని చూచిన శుభమందురు. శుభమని నమ్మి పోయిన పడవలన్నియు తిరిగి రాలేదు. ఈ మాటయు చెప్పక తప్పదు.

మరుసటి వారము ఆ బాలికను పిలిచి, నాకు తోచినది చెప్పితిని. "అమ్మా, తుఫానుకు కన్ను ఉన్నదని శాస్త్రజ్ఞులందురు. ఆ కన్ను చూడదు. నడుమ గాలి లేని చోటునకు అది పేరు మాత్రమే. గరుడుని కన్ను చూచినది. తుఫానుకు మ్రొక్కుటలేదు మనము. అంత బలము కలిగియు క్రింద ఎవరున్నారో చూచినవానికి మ్రొక్కుచున్నాము. తుఫాను అట్లు చూచిన బాగుండునని కోరుకొన్న మనుష్యుడు ఈ కథను చెప్పుకొన్నాడు" అంటిని.

ఆమె కొంతసేపు ఊరకుండెను. తరువాత, "మరి మా తాతయ్య ఉన్న కొమ్మని ఎవరు పట్టుకోవాలండీ?" అనెను.

దీనికి నన్నయలో సమాధానము లేదు. మనము చెప్పవలసినది. గాలికి కన్ను లేనపుడు చూడవలసిన కన్ను మనది. 1996లో సముద్రముమీదనున్న పడవకు వార్త చేర్చు సాధనము మా పల్లెలలో అరుదు. 1999 అక్టోబరులో ఒరిస్సా తీరమును తాకిన పెనుతుఫానులో సుమారు పదివేలమంది మరణించిరి. 2013 అక్టోబరులో అదే రాష్ట్రపు తీరమునకు ఫైలిన్ అను తీవ్రమైన తుఫాను వచ్చినది. గాలి దయతలచలేదు, కాని లక్షలాది జనులను ముందుగానే ఇండ్లనుండి తరలించి పక్కా కట్టడములలో ఉంచిరి. మృతులు పదులలోనే నిలిచిరి. పదునాలుగేండ్ల నడుమ మాఱినది సముద్రము కాదు. కొమ్మను పట్టినవారు వచ్చిరి.

ఆ పట్టుట యెన్నో విధములు. ఉపగ్రహము పంపిన చిత్రమును చదువువాడు పట్టుచున్నాడు. రేవులో ప్రమాదసూచిక ఎగురవేయువాడు పట్టుచున్నాడు. వృద్ధురాలిని వీపున మోసికొని ఆశ్రయభవనమునకు చేర్చు కుఱ్ఱవాడు పట్టుచున్నాడు. ఉప్పెన వేగమును ముందు తానెదుర్కొని తగ్గించు మడ చెట్లు పట్టుచున్నవి. 1978లో అభయారణ్యమైన కోరంగి మడ అడవిలో ఒక కొమ్మ నరుకువాడు ఎవరు వ్రేలాడు కొమ్మను నరుకుచున్నాడో ఆలోచింపవలెను. హెచ్చరిక విని, చేపలు పడు వేళయనియు, అప్పు తీర్చవలెననియు ఇంకను సముద్రమువంక చూచువానికి ఆ నాలుగు దినముల తిండి సమకూర్చుటయు కొమ్మ పట్టుటయే. ఆకలిగొన్నవానికి హెచ్చరిక ఒక్కటే చాలదు. గరుడుని చేతకూడ మనకథ ఆకలినే ఓర్పించినది గదా!

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. ఈ పాఠము వచ్చినపుడు రెక్కల గాలి దగ్గఱ ఆగవలదు. యుద్ధఘట్టము పిల్లలకు తనంతట తానే నచ్చును. దానికి మన సాయమక్కఱలేదు. కొమ్మ విఱిగినచోట ఒక నిమిషము నిలువుడు. క్రింద ఎవరున్నారని పిల్లలనడుగుడు. ఈ తీరమున ప్రతి తరగతిలోను దానికి సమాధానము తెలిసినవారు ఒకరిద్దఱు వెనుక బల్లపై కూర్చుండియే యుందురు.